నియమం తప్పినా నిష్ఠ తప్పరాదు

తిరుమల క్షేత్రంలో ఏటా శ్రావణ మాసంలో మూడు రోజులపాటు శ్రీవారికి పవిత్రోత్సవాలు జరుగుతాయి. ఏడాది పొడవునా సాగే అర్చనల్లో, ఉత్సవాల్లో అర్చకుల వల్లనో, సిబ్బంది వల్లనో, యాత్రికుల వల్లనో తెలిసీ తెలియక దొర్లిన లోపాలకు ప్రాయశ్చిత్తంగా ఆగమశాస్త్రం విధించిన ఉత్సవమిది. పట్టుదారాలతో పేనిన పవిత్రాలను స్వామివారికి సమర్పించి, హోమాలు జరిపి, పూర్ణాహుతితో ముగిస్తారు. 15, 16 శతాబ్దాల్లో జరిగి, ఆ తరవాత నిలిచిపోయిన ఈ ఉత్సవాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం 1962లో పునరుద్ధరించింది. లోపాలను సరిదిద్దే ఉత్సవానికే శతాబ్దాల అంతరాయం కలిగిందన్నమాట. అయినా అది తిరిగి మొదలైంది, నేటికీ జరుగుతోంది.

ఇందులోని అంతరార్థాన్ని గమనించండి. సాక్షాత్తు వేంకటాచలపతి సన్నిధిలోనే లోపాలు దొర్లుతాయని శాస్త్రం ముందుగానే అంగీకరించింది. లోపం దొర్లిందని కోవెల తలుపులు మూయమనలేదు. దీపం ఆర్పమనలేదు. లోపాన్ని ఒప్పుకొని, సరిదిద్దుకొని, మరునాడు సుప్రభాతంతో సేవ కొనసాగించమంది. దేహమే దేవాలయమని నమ్మే మనం ఈ ధర్మాన్ని మన దేహం విషయంలో మాత్రం మరచిపోతున్నాం. బరువు తగ్గాలని నియమం పట్టిన భక్తులెందరో ఒక్క పండుగనాడు ఆ నియమం తప్పగానే, అంతా అయిపోయిందని నిస్పృహ చెంది మొత్తం సాధనను వదిలేస్తున్నారు. ఈ వారం మనం విచారించవలసిన విషయం ఇదే.

బరువు ధర్మసాధనకు అడ్డం కాకూడదు

పార్వతీదేవి శివుని కోసం ఆకులు సైతం విడిచిపెట్టి ఘోరతపస్సు చేసి అపర్ణ అయింది. ఆ సమయంలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు, ధర్మాన్ని సాధించడానికి మొదటి పరికరం శరీరమేనని ఆమెకు గుర్తుచేస్తాడు. కాళిదాసు కుమారసంభవంలోని ఘట్టమిది. ఆ పరికరం బరువెక్కి మోకాళ్ళు పట్టేసి, నాలుగు ప్రదక్షిణలకే ఆయాసం వస్తుంటే, పద్మాసనం మాట దేవుడెరుగు, పీట మీద కూర్చుని పూజ చేసుకోవడమే కష్టమవుతుంది. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు దీని వెంటే నడుస్తాయి.

మన భారతీయులకు వైద్యులు నిర్ణయించిన ప్రమాణాలు పాశ్చాత్యుల ప్రమాణాల కన్నా కఠినంగా ఉంటాయి. ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తిని తెలిపే శరీర ద్రవ్యరాశి సూచిక 23కు చేరితే అధిక బరువనీ, 25కు చేరితే స్థూలకాయమనీ లెక్క. అంటే 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి సుమారు 59 కిలోల దగ్గర అధిక బరువు, 64 కిలోల దగ్గర స్థూలకాయం మొదలవుతాయి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించితే జాగ్రత్తపడాలి. కాబట్టి బరువు తగ్గే ప్రయత్నం అలంకారం కోసం కాదు. భగవంతుడిచ్చిన పరికరాన్ని సవ్యంగా ఉంచుకోవడం కోసం.

మరునాటి త్రాసు చెప్పే అబద్ధం

రెండు నెలలు కష్టపడి నాలుగు కిలోలు తగ్గిన గృహిణి ఒకరు శ్రావణ శుక్రవారంనాడు బొబ్బట్లు, పులిహోర, పరమాన్నం తృప్తిగా తిన్నదనుకోండి. మరునాడు ఉదయం త్రాసు ఎక్కితే కిలోన్నర పెరిగినట్లు చూపిస్తుంది. 'రెండు నెలల శ్రమ ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరైంది' అని ఆమె కుమిలిపోతుంది. నిజం వేరు. ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 క్యాలరీల ఆహారం తినాలి. ఒక్క పూటలో అది సాధ్యమయ్యే పని కాదు. ఆ కిలోన్నరలో చాలా భాగం నీరు, ఇంకా జీర్ణం కాని ఆహారం. ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు భోజనానికి తిరిగివస్తే కొద్ది రోజుల్లో ఆ నీరు పోతుంది. ఆ కొద్ది రోజులు ఓపిక పట్టక, 'ఎలాగూ పోయింది' అని తినడం కొనసాగిస్తేనే అది నిజమైన కొవ్వుగా మారుతుంది. చెడగొట్టింది పండుగ భోజనం కాదు, ఆ తరవాతి నిస్పృహ.

మరొకటి ఉంది. మొదటి నెలల్లో చురుకుగా తగ్గిన బరువు తరవాత ఒకచోట ఆగిపోతుంది. నియమం తప్పకపోయినా త్రాసుముల్లు కదలదు. దీనికి కారణం మీ పాపం కాదు, గ్రహచారం కాదు. శరీరం తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. కరువుకాలంలో ప్రాణం నిలుపుకోవడానికి సృష్టికర్త శరీరానికి ఇచ్చిన రక్షణ ఇది. మనతో పోరాడుతున్నది శత్రువు కాదు, మనల్ని కాపాడాలని చూసే కావలివాడే. వాణ్ణి ఓపికతోనే ఒప్పించాలి.

పతంజలి ముందే చెప్పిన విఘ్నాలు

సాధకుడికి కలిగే అంతరాయాలు తొమ్మిదని పతంజలి మహర్షి యోగసూత్రాల మొదటి పాదంలో లెక్కపెట్టి చెప్పారు. వ్యాధి, స్త్యానం, సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి, భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం. ఆహారనియమం పట్టినవారు తమ అనుభవాన్ని ఈ జాబితాతో సరిచూసుకుంటే ఆశ్చర్యపోతారు. జ్వరం వచ్చి నడక ఆగిపోవడం వ్యాధి. మనసు మొద్దుబారి ఏమీ చేయాలనిపించకపోవడం స్త్యానం. 'ఇది నావల్ల అవుతుందా' అన్నది సంశయం. టీవీ చూస్తూ ఎంత తింటున్నామో గమనించకపోవడం ప్రమాదం, అంటే ఏమరుపాటు. రేపు నడుద్దాంలే అనడం ఆలస్యం. కడుపు నిండినా నాలుక వదలకపోవడం అవిరతి. ఏడు రోజుల్లో ఏడు కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలను నమ్మడం భ్రాంతిదర్శనం. ఎంత శ్రమించినా తరువాతి మెట్టు అందకపోవడం అలబ్ధభూమికత్వం. అందిన మెట్టు మీద నిలవలేక జారడం అనవస్థితత్వం.

చివరి రెండింటిని మరోసారి చూడండి. ఆగిపోవడం, జారిపోవడం. ఈ రెండూ సాధనామార్గంలో అందరికీ ఎదురయ్యే మజిలీలని పతంజలి ఎంచి చెప్పారంటే, అవి మీ ఒక్కరికే వచ్చిన ప్రత్యేకమైన దౌర్భాగ్యాలు కావని అర్థం. ఈ అంతరాయాలకు తోడుగా దుఃఖమూ దౌర్మనస్యమూ వస్తాయని కూడా ఆయనే చెప్పారు. వాటికి విరుగుడు, ఒకే తత్త్వాన్ని పట్టుకొని చేసే అభ్యాసం. ఆ అభ్యాసం కూడా దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేస్తేనే గట్టిపడుతుందన్నారు. ఆదరంతో అన్న మాట ముఖ్యం. తనను తాను తిట్టుకుంటూ చేసేది అభ్యాసం కాదు, శిక్ష.

విశ్వామిత్రుడి నాలుగు దిక్కులు

జారిపడి లేచినవారిలో అగ్రగణ్యుడు విశ్వామిత్రుడు. ఆయన చరిత్రను మిథిలానగరంలో శతానందుడు శ్రీరాముడికి వినిపిస్తాడు. వసిష్ఠుడి ముందు ఓడిన ఆ రాజు మొదట దక్షిణ దిక్కుకు వెళ్ళి తపస్సు చేశాడు. ఆ ఫలాన్ని త్రిశంకుడి కోసం వెచ్చించాడు. తరవాత పశ్చిమాన పుష్కరక్షేత్రానికి వెళ్ళాడు. అక్కడ మేనక వచ్చింది. పదేళ్ళు క్షణాల్లా గడిచిపోయాయి. మెలకువ వచ్చాక ఆయన పశ్చాత్తాపపడ్డాడు గానీ మేనకను నిందించలేదు. మంచి మాటలతోనే సాగనంపి, ఉత్తర దిక్కున కౌశికీ తీరానికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు, మహర్షి అయ్యాడు. తరవాత రంభ వచ్చింది. ఈసారి ఆయన కోరికకు లొంగలేదు. అయితే కోపానికి లొంగి ఆమెను శిలవు కమ్మని శపించాడు. ఆ కోపంతో తపస్సు వ్యయమైపోయింది. చివరకు తూర్పు దిక్కుకు వెళ్ళి మౌనవ్రతం పట్టాడు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, ప్రలోభానికి లొంగిపోయినప్పుడు దాన్ని శాంతంగా సాగనంపి ముందుకు నడిచాడు. కోపం తెచ్చుకున్నప్పుడు లొంగకపోయినా నష్టపోయాడు. అరిసె తిన్నందుకు అరిసె మీదా, చేసిపెట్టిన అత్తగారి మీదా, తన మీదా కోపం తెచ్చుకునేవారు ఈ సంగతి గ్రహించాలి. అన్నాన్ని నిందించరాదన్నది తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి విధించిన వ్రతం. రెండవది, వెయ్యేళ్ళ మౌనం ముగిసి ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇంద్రుడు బ్రాహ్మణ రూపంలో వచ్చి ఆ అన్నమంతా అడిగాడు. ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం ఇచ్చేసి ఆయన తపస్సు కొనసాగించాడు. ఒకప్పుడు పదేళ్ళు ఏమరిపోయిన మనిషి, వెయ్యేళ్ళ ఆకలి తరవాత చేతికందిన అన్నాన్ని చిరాకు లేకుండా ఇవ్వగలిగాడు. నాలుగు దిక్కులూ తిరిగినందుకే ఆ స్థైర్యం అబ్బింది. పడిన ప్రతిచోటా ఆయన నేర్చుకున్నాడు.

చందమామలో చదివిన విక్రమార్కుణ్ణి గుర్తుకు తెచ్చుకోండి. మౌనభంగమైన ప్రతిసారీ శవం తిరిగి చెట్టెక్కేది. రాజు ఇంటికి పోలేదు, చెట్టు దగ్గరికే పోయాడు. విఘ్నాలకు భయపడి అసలు మొదలుపెట్టనివారు, విఘ్నం రాగానే మానేసేవారు, ఎన్ని విఘ్నాలు వచ్చినా విడవనివారు అని భర్తృహరి మనుషుల్ని మూడు తరగతులుగా విభజించాడు. విఘ్నాలే రానివారు అనే నాలుగో తరగతిని ఆయన చెప్పలేదు. అలాంటివారు లేరు కనుక.

ఉపవాసం పేరిట పొరపాట్లు

బరువు తగ్గడానికి మన ఇళ్ళలో ముందుగా తట్టేది ఉపవాసం. ఏడాదికి 24 ఏకాదశులు, అధికమాసం వస్తే 26. ఏకాదశీ వ్రతానికి శాస్త్రం చెప్పిన క్రమం దశమినాడు ఒంటిపూట, ఏకాదశినాడు ఉపవాసం, ద్వాదశినాడు పారణ. ముందు నుంచే తగ్గించి, నెమ్మదిగా తిరిగి భోజనానికి రావడం అందులోని ఏర్పాటు. మనం చేస్తున్నదేమిటి? ముందురోజు రాత్రి 'రేపు ఉపవాసం కదా' అని రెట్టింపు తింటున్నాం. శనివారం ఒక్కపొద్దు పేరిట రాత్రికి ఉప్మా పెసరట్లు, సగ్గుబియ్యం వడలు లాగిస్తున్నాం. అన్నం మానేశాం కనుక వ్రతం చెడలేదని సంతోషిస్తున్నాం, బరువు తగ్గలేదని స్వామిని అడుగుతున్నాం.

ఆహారం మానినవాడికి విషయాలు దూరమైనా వాటిపై రుచి మిగిలే ఉంటుందని గీత రెండవ అధ్యాయంలో భగవానుడు హెచ్చరించాడు. ఆ రుచి అణిగేది భగవంతుడి సామీప్యంతోనే. ఉపవాసమంటే ఆయనకు దగ్గరగా ఉండటం. శాస్త్రం చెప్పని ఘోరతపస్సులతో శరీరాన్ని హింసించేవారు లోపలి పరమాత్మను కూడా హింసిస్తున్నారని పదిహేడవ అధ్యాయంలో చెప్పాడు. ఒకనాడు ఎక్కువ తిన్నామని మరునాడు నిర్జలంగా పడుకోవడం ఈ కోవలోకే వస్తుంది. ఆ కఠినోపవాసం సాయంత్రానికి మళ్ళీ అతిభోజనంగా మారుతుంది.

ఇక్కడ అంబరీషుడి విజ్ఞత మనకు ఆదర్శం. ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి. అతిథి దుర్వాసుడు నదీస్నానం నుంచి రాలేదు. పారణ చేయకపోతే వ్రతభంగం, అతిథి కన్నా ముందు తింటే అపచారం. పండితులను సంప్రదించి ఆయన కొద్దిగా నీరు మాత్రం స్వీకరించాడు. అది తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. 'అంతా లేదా శూన్యం' అని ఆయన పట్టుపట్టలేదు. ఇబ్బంది వచ్చినప్పుడు నియమాన్ని కొద్దిపాటిగానైనా నిలుపుకునే దారి వెదికాడు. పెళ్ళిపందిట్లో నడక కుదరకపోతే నాలుగడుగులు వేయండి. విస్తరిలో అన్నీ వడ్డిస్తే తలా కొంచెం రుచి చూడండి. ప్రసాదం కళ్ళకద్దుకొని నోట వేసుకునేది. చెంచాడైనా అదే ప్రసాదం, గిన్నెడైనా అదే ప్రసాదం.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా ఉపవాసం చేయరాదు. చక్కెర హఠాత్తుగా పడిపోతే ప్రాణానికే ముప్పు. వారికి నామస్మరణే ఉపవాసం.

ఒక ఇల్లాలి ప్రశ్న

మా ఆలయానికి ప్రతి శనివారం వచ్చే ఒక ఇల్లాలు మూడు నెలలు కనిపించలేదు. ఆమెకు చక్కెర వ్యాధి ఉంది. వైద్యుడు బరువు తగ్గమంటే స్వామి ఎదుట సంకల్పం చెప్పుకొని ఆరు కిలోలు తగ్గింది. తరవాత ఇంట్లో పెళ్ళి, ఆ వెంటనే పండుగలు. నాలుగు కిలోలు తిరిగి వచ్చాయి. ఒకనాడు ధ్వజస్తంభం దగ్గరే నిలబడి, "అయ్యగారూ, స్వామికిచ్చిన మాట తప్పాను. ఏ ముఖంతో లోపలికి రాను?" అంది.

"మందులు సరిగా వాడుతున్నావా తల్లీ?" అని అడిగాను.

ఆమె తల దించుకుంది. డాక్టరుగారు త్రాసు ఎక్కిస్తారన్న సిగ్గుతో పరీక్షలకు వెళ్ళడమే మానేసిందట. నాలుగు కిలోల కన్నా ఇదే నన్ను కలవరపెట్టింది. ఆరు తగ్గి నాలుగు వచ్చినా, రెండు కిలోల లాభం మిగిలే ఉంది. అయితే ఆ సిగ్గు ఆమెను వైద్యుడికీ దూరం చేసింది, దేవుడికీ దూరం చేసింది.

"అమ్మా, పూజ చివర మనం ఏమని విన్నవించుకుంటాం? మంత్రంలోనో క్రియలోనో భక్తిలోనో లోపముంటే నువ్వే పూర్తి చేయి తండ్రీ అనే కదా! రోజూ లోపం ఒప్పుకొనే మనల్ని ఆయన రోజూ రానిస్తున్నాడు. రేపు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. శనివారం ఇక్కడికి రా" అన్నాను. ఆమె వెళ్ళింది. చక్కెర బాగా పెరిగి ఉందని మందు మార్చారు. బరువు ఇప్పటికీ ఆమె కోరినంత తగ్గలేదు. అయినా పరీక్షలు మానలేదు, ప్రదక్షిణలు మానలేదు. నేను దీన్నే విజయమంటాను.

యోగమార్గంలో నడుస్తూ మధ్యలో జారినవాడు చెదిరిన మేఘంలా రెంటికీ చెడి నశిస్తాడా అని అర్జునుడు ఆరవ అధ్యాయంలో అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. మంచిపని చేసినవాడెవడూ దుర్గతి పాలుకాడని 'నాయనా' అని పిలిచి మరీ శ్రీకృష్ణుడు అభయమిచ్చాడు.

ప్రాయశ్చిత్త విధి

నియమం తప్పినప్పుడు పాటించవలసిన క్రమాన్ని ఇలా అనుసంధానం చేసుకోవచ్చు.

మొదటిది, తరువాతి భోజనాన్ని మామూలుగా చేయండి. తగ్గించవద్దు, పెంచవద్దు. సోమవారం కోసమో, ఒకటో తారీకు కోసమో ఆగవద్దు.

రెండవది, ప్రతి ఉదయం సంకల్పం కొత్తగా చెప్పుకోండి. నిత్యపూజలో సంవత్సరం, మాసం, తిథి, వారం పేర్కొంటూ రోజూ సంకల్పం చెబుతాం. నిన్నటి సంకల్పం ఈనాటికి చెల్లదు. నిన్నటి లోపం కూడా ఈనాటి సంకల్పాన్ని అంటదు.

మూడవది, సంకల్పాన్ని ఫలం మీద కాక కర్మ మీద పెట్టుకోండి. 'సంక్రాంతికి పది కిలోలు తగ్గాలి' అన్నది ఫలం, అది మన చేతిలో లేదు. 'ఈరోజు అరగంట నడుస్తాను, రాత్రి పెందలాడే తింటాను' అన్నది కర్మ. త్రాసు వారానికి ఒకసారి, ఒకే వేళకు ఎక్కితే చాలు. వారానికి అరకిలో తగ్గడం క్షేమకరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర అదుపులోకి రావడానికి మేలు జరుగుతుంది.

నాలుగవది, భోజనవిధిని పునరుద్ధరించుకోండి. పరిషేచనం చేసి, ప్రాణాహుతులుగా ఐదు చిన్న మెతుకులు నిదానంగా తీసుకుంటే తొందర తగ్గుతుంది. ఉదరంలో రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీటికి, ఒకటి వాయువుకు వదలమని అష్టాంగహృదయం చెప్పింది. ఉత్తరాపోశనం పట్టాక మళ్ళీ తినరన్నది మన ఆచారం. వంటింట్లో మిగిలిన గిన్నెలు సర్దుతూ తినే ఇల్లాళ్ళకు ఈ ఒక్క ఆచారమే గొప్ప రక్ష.

ఐదవది ఇంటివారి బాధ్యత. 'ఈ ఒక్కరోజుకి ఏమవుతుంది, ఇంకొక్కటి వేసుకో' అని కొసరి వడ్డించేదీ మనమే, ఆపైన 'నీ డైటింగ్ ఏమైంది' అని నవ్వేదీ మనమే. ఈ రెండూ మానడం ఇంటివారు చేయగల పుణ్యం. వంటలో నూనె, ఉప్పు, పంచదార అందరికీ తగ్గితే ఒక్కరే నియమం పట్టిన భారం ఉండదు.

మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి దాన్ని తిరిగి తెచ్చుకోమని గీతాచార్యుడు ఆదేశించాడు. అది పోతుందని ఆయనకు తెలుసు. ఎన్నిసార్లు పోయిందని లెక్కపెట్టలేదు. తిరిగి తెచ్చుకోమన్నాడు, అంతే. రాబోయే ఏకాదశికి మీరు స్వామి ఎదుట నిలబడినప్పుడు పోయిన నెలలో తప్పిన నియమాన్ని మనసులో ఒప్పుకొని, ఆనాటి తిథిని పేర్కొని, చిన్న సంకల్పం ఒకటి చెప్పుకోండి. ఆరోగ్యవంతమైన దేహంతో, ప్రసన్నమైన మనసుతో చిరకాలం తన సేవ చేసుకునే భాగ్యాన్ని పాఠకులందరికీ ఆ శ్రీనివాసుడు అనుగ్రహించుగాక! శుభమస్తు.